సోమాచారి పైకోర, నేను

నేను ఒక ఐగ్లాసుని. అదేంటో తెలీకపోతే మీ తప్పేం లేదు లెండి, ఈ రోజుల్లో నాతో పనెవరికుంది! వాచీలు బాగుచేసేవాళ్ళు ఒంటికన్నుకి బిగించుకుని కనుబొమ్మ ముడిచి పట్టుకుంటారే, ఆ నల్లటి చిన్న డిప్ప, అదే నేను. డిప్ప చివర భూతద్దం ఉంటుంది. చీమకాలంత ముల్లుని గునపమంత చేసి చూపిస్తాను. గొప్పకి చెప్పుకోవడం కాదు, నా పనే అది.

నేను పుట్టింది కలకత్తాలో ఒక ఇరుకు సందులో. గేదె కొమ్ము చెక్కి, నున్నగా అరగదీసి, అద్దం బిగించి, దూదిలో చుట్టి పార్సిలు కట్టేశారు. చేసినవాడి మొహం కూడా సరిగ్గా చూళ్ళేదు. కళ్ళు విప్పేసరికి తణుకులో ఉన్నాను. పాత బస్టాండు ఎదురుగా, కిళ్ళీకొట్టుకీ చెప్పులకొట్టుకీ మధ్య, నిలబెట్టిన అలమారంత షాపు. దాని యజమాని దస్తగిరి సాహెబు. నన్ను కుడికంటికి పెట్టుకుని, ఇరవై ఏళ్ళ పైచిలుకు ఆ కంట్లోంచి దించలేదంటే నమ్మండి.

నాకొక మర్యాద జరుగుతుంది రోజూ. అద్దం మసకేస్తే నన్ను నోటి దగ్గర పెట్టుకుని 'హా' అని గట్టిగా ఊది, మెత్తటి గుడ్డతో తుడుస్తారు. ఏ వాచీ మేస్త్రీ అయినా అంతే. రోజుకి పదిసార్లు, ఇరవైసార్లు. అంచేత మనిషి నోరెలాంటిదో పెళ్ళాం కన్నా, డాక్టరు కన్నా నాకే బాగా తెలుసు. ముక్కు లేనిదానికి వాసనేం తెలుస్తుందంటారేమో. ఊపిరి పొర నామీద కూర్చుంటుందండీ. ఏది ఆరిపోతుందో, ఏది జిడ్డులా పట్టుకుంటుందో నాకు తెలీదూ?

సాహెబు ఊపిరి ఇట్టే ఆరిపోయేది. తెల్లారి లేస్తే వేపపుల్ల, అన్నం తిన్నాక పుక్కిలింత, ఆపైన రెండు యాలక్కాయలు. డెబ్బై దాటాక కూడా చెరుకుగడ పళ్ళతో చీల్చేవాడు. ఇక కూర్చోలేనని తెలిశాక, తన దగ్గర పని నేర్చుకున్న సోమాచారి చేతిలో నన్ను పెట్టి, "సోమూ, కన్ను జాగర్త నాయనా. మనకి కన్నే అన్నం" అన్నాడు. అంత మంచిమాట. ఆ మాటే ఇంత పని చేస్తుందని ఆ మహానుభావుడికేం తెలుసు?

సోమాచారి ఇంటిపేరు కొమ్మోజువారు. తాతల నాటినుంచీ బంగారం పని. ఆ ఇంట పుట్టినవాడు వాచీలవైపు ఎందుకొచ్చాడంటే, తండ్రి భద్రాచారి గారి చూపు పోయింది గనక. దానికో కథ ఉంది. భద్రాచారి గారికి పైపన్ను ఒకటి పుచ్చి సలిపితే, ఊరి తీర్థంలో పటకారు పట్టుకుని కూర్చున్నవాడి చేత పీకించుకున్నారు. ఏడాది తిరిగేసరికి కళ్ళకి పొగ కమ్మింది. రెండేళ్ళకి కొలిమి ముందు కూర్చోలేకపోయారు. మూడో ఏడు కొడుకు మొహం కూడా చేత్తో తడిమి చూసుకోవాల్సొచ్చింది. ఊళ్ళో అందరూ ఒకటే మాట: "పైపన్ను పీకించుకున్నాడు, కళ్ళు పోయాయి." అప్పటికి సోమాచారికి పదేళ్ళు. తండ్రిని చెయ్యిపట్టుకుని నడిపించిన పిల్లాడు ఆ మాట ఎలా మర్చిపోతాడు చెప్పండి!

ఇక మనవాడి పని గురించి చెప్పాలంటే, ఏమాటకామాటే, సాహెబుని మించిపోయాడు. పక్క ఊళ్ళనుంచి పట్టుకొచ్చేవారు. ఎక్కడా బాగవ్వని వాచీని బల్లమీద పెట్టి, నన్ను కంటికి బిగించి, "ఏవమ్మా, ఎక్కడ నెప్పి?" అని దాన్నే అడిగేవాడు. వినేవాళ్ళు నవ్వేవారు. ఆయన మాత్రం నిజంగానే అడిగేవాడు.

ఇదంతా బాగానే ఉంది. తన నోట్లో నెప్పినే అడగలేదు.

ఎప్పుడు మొదలైందో నాకు తెలుసు. ఆయనకి నలభై ఎనిమిదో ఏడు. ఓ రోజు పొద్దున్న 'హా' అని ఊదితే పొర ఆరలేదు. తుడిస్తే జిడ్డుగా పాకింది. "ఏంటో ఈ గ్లాసు పాతబడిపోయింది" అన్నాడు నన్ను పట్టుకుని. ఔరా, నేనా పాతబడింది! కుడివైపు పైకోర పన్నుకి పక్కన పుచ్చు పడింది. చిగురు వాచి, తోముకుంటే నెత్తురొస్తోంది. నెత్తురొస్తోందని అటువైపు తోముకోవడమే మానేశాడు. సలిపితే లవంగం నొక్కిపెట్టేవాడు. నెప్పి తగ్గితే రోగం తగ్గినట్టే ఆయన లెక్క.

అప్పట్నుంచి ఊరు కొంచెం కొంచెంగా వెనక్కి జరిగింది. పోస్టాఫీసులో చేసే సుందర్రావు గారని ఆయన స్నేహితుడు, రోజూ మధ్యాహ్నం వచ్చి బల్లకి ఆనుకుని స్టూలేసుకుని కబుర్లు చెప్పేవాడు. ఏడాది గడిచేసరికి ఆ స్టూలు గడప దగ్గరికి పోయింది. ఇంకో ఏడాదికి గడప బయటికి. "లోపల ఉక్కగా ఉందోయ్" అనేవాడు, మాఘమాసం చలిలో కూడా. చివరికి కిళ్ళీకొట్టు దగ్గరే కూర్చుని అక్కణ్ణించే చెయ్యూపేవాడు. కిళ్ళీకొట్టతనితో అన్నాడు, చెప్పులకొట్టతనితో అన్నాడు, "పాపం మా సోమాచారి దగ్గర కూర్చోలేకపోతున్నానయ్యా" అని. అనాల్సినవాడితో మాత్రం అనలేదు. అదో మర్యాదట! మనుషుల మర్యాదలు నాకెప్పటికీ అర్థం కావు.

వాచీ తెచ్చినవాళ్ళు బల్లమీద పడేసి, "సాయంత్రం వస్తానండీ" అని రోడ్డు మీదికి పోయేవారు. ఒకప్పుడు పక్కనే వంగి, తమ వాచీ పొట్టలో ఏముందో వింతగా చూసేవారు. సోమాచారి నిట్టూర్చేవాడు. "సెల్లుఫోన్లొచ్చి మన నోట్లో మట్టి కొట్టేశాయి" అనేవాడు. ఫోన్లు కొట్టిన మట్టి కొంత ఉంది, కాదనను. కానీ వచ్చిన నలుగురూ నిలబడకపోవడానికి ఫోన్లు కాదు కారణం.

అనుమానం అసలే రాలేదా అంటే, వచ్చింది. ఒకసారి బస్సులో పక్కసీటాయన కొంగులేని పాపానికి తువ్వాలు అడ్డం పెట్టుకుంటే, షాపుకొచ్చి అరచేతిలోకి ఊదుకుని వాసన చూసుకున్నాడు. ఏమీ తెలీలేదు. పదేళ్ళనుంచి అదే గాలి పీలుస్తున్న ముక్కుకి ఏం తెలుస్తుంది! "వేడి చేసినట్టుంది" అనుకుని వారం రోజులు మజ్జిగ తాగాడు. తర్వాత అరగడం లేదనుకుని వాము నమిలాడు. పొట్టని అనుమానించాడు, పిత్తాన్ని అనుమానించాడు, కాఫీని అనుమానించాడు. పంటిని అనుమానించలేదు. వాచీ రెండు నిమిషాలు వెనకబడితే పరిగెత్తుకొచ్చే మనుషులు, పన్ను పదేళ్ళు కుళ్ళినా ఎవరికీ చూపించుకోరు.

ఇంట్లో భ్రమరాంబ గారు. ఆయన భార్య. సాయంత్రం నన్ను చొక్కా జేబులో వేసుకునే ఇంటికెళ్ళేవాడు గనక ఆ ఇల్లు కూడా నాకు తెలుసు. ఆవిడ అన్నం వడ్డించి, వెనక్కి జరిగి, గుమ్మానికి ఆనుకుని నిలబడేది. మాట్లాడుతున్నంతసేపూ కొంగు మూతి దగ్గరే. ఒకే పళ్ళెంలో సున్నుండలు పంచుకు తిన్న మనుషులు, ఎదురెదురుగా కూర్చోడం మానేశారు. పొద్దున్నే ఆయన జేబులో లవంగాలు, సోంపు పోసేది. నాలుగు రకాల పళ్ళపొడులు మార్చింది. ఒకసారి బజార్లోకెళ్ళి కొత్త బ్రష్షు తెచ్చి, "ఇది మెత్తగా ఉంటుందటండీ" అంది. "పాతది బానే ఉందిగా" అన్నాడాయన. ఆవిడ ఆ బ్రష్షుని అలమారులో పెట్టేసింది. నోటిదాకా వచ్చిన మాటని మింగడం నేను చూశాను. మొగుడితో 'మీ నోరు కంపు కొడుతోంది' అని ఎలా అంటుంది? అంటే ఆయన మనసు ముక్కలైపోదూ! ఆవిడ ప్రేమ అలాంటిది.

ఆయనకి అది ప్రేమలా కనపడలేదు. షాపులో ఒంటరిగా కూర్చుని, నన్ను తుడుస్తూ, "వయసైపోయింది. దానికి నేనంటే మొహం మొత్తింది" అనుకున్నాడు పైకే. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నామీద ఒక చుక్క పడింది. ఆ క్షణం నాకు నోరుంటే అరిచి చెప్పేదాన్ని: మొహం మొత్తలేదయ్యా, నీ పన్ను కుళ్ళింది!

ఎవరూ అనని ఆ మాట చివరికి ఒక డాక్టరమ్మ అంది. బస్టాండు పక్క కల్యాణమండపంలో ఉచిత దంతవైద్య శిబిరం పెట్టారు. సుందర్రావు గారు గట్టిగా బలవంతం చేసి, తనకి పన్ను చూపించుకోడానికి తోడు రమ్మని అబద్ధమాడి తీసుకెళ్ళాడు. తోడొచ్చినవాణ్ణే కుర్చీలో కూలేశారు. నేను జేబులోనే ఉన్నాను. డాక్టరమ్మ పేరు మృణాళిని. చిన్నపిల్ల, ముప్ఫై కూడా ఉండవు. నోరు తెరవమని, దీపం పెట్టి చూసి, మెల్లిగా అంది.

"నాన్నగారూ, మీ నోట్లోంచి వాసన వస్తోందని ఎవరూ చెప్పలేదాండీ?"

సోమాచారి మొహం పాలిపోయింది. "వాసనా? నాకేం తెలీలేదే!"

"మనది మనకి తెలీదండీ, ముక్కు అలవాటు పడిపోద్ది. మీ పైకోర వేరు దగ్గర చీము చేరింది. చిగుళ్ళు కూడా వదులైపోయాయి. ఇలా వదిలేస్తే మంచిది కాదు. క్లినిక్కుకి రండి, చూద్దాం."

"పీకేస్తారా?"

"అవసరమైతే పీకుదాం. ముందు వేరు శుభ్రం చేసి, మందు నింపి, పంటిని నిలబెట్టొచ్చేమో చూస్తాను. బాగుచేయొచ్చండీ."

ఆయన కుర్చీలోంచి దిగిపోయాడు. "పంటిని బాగుచెయ్యడమేంటమ్మా, వాచీయా?" అని నవ్వాడు. నవ్వు కాదది, భయం. "పైపన్ను ముట్టుకుంటే కళ్ళు పోతాయి. మా నాన్నకి పోయాయి. నా కన్ను మీద రెండు ప్రాణాలు బతుకుతున్నాయి తల్లీ."

"అయ్యో, పన్ను పీకడానికీ చూపుకీ సంబంధం లేదండీ. పీకితే కళ్ళు పోవు. చీముని అలా ఉంచితేనే ప్రమాదం" అని డాక్టరమ్మ గుమ్మందాకా వెంటపడి చెప్పింది. ప్రతి మాటా విన్నాడు. ఒక్కటీ నమ్మలేదు. చచ్చిపోయిన తండ్రి తడుముకుంటూ నడిచిన నడక ఆయన కళ్ళముందుంటే, నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల మాట ఎలా నమ్ముతాడు? ఏమని తిట్టను చెప్పండి ఆ మనిషిని! వాచీలో ముల్లు తుప్పు పడితే, తుప్పు పక్కచక్రానికి పాకకముందే విప్పి కడగాలని ఊరందరికీ చెప్పే మనిషి.

ఇంటికెళ్ళి భార్యని అడిగాడు. "ఏమే, నా నోట్లోంచి వాసనొస్తోందా?"

భ్రమరాంబ గారి చేతిలో చెంబు ఆగిపోయింది. ఆయన మొహంలోకి చూసింది. అవమానంతో చిన్నబోయిన మొహం, లేదంటే బాగుండునని ఆశపడుతున్న మొహం. పదేళ్ళలో ఆవిడకి దొరికిన ఒకే ఒక్క అవకాశం అది. "అబ్బే, లేదండీ. ఎవరన్నారు?" అంది.

ఆయన తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. "అదే నేనూ అన్నాను. శిబిరాలు పెట్టి ఊరికే భయపెడతారు వీళ్ళు." నేను జేబులో ఉండిపోయాను. ఏం చెయ్యను?

అయిదు నెలలు గడిచాయి. కార్తీకమాసంలో ఓ సోమవారం పొద్దున్నకి కుడిబుగ్గ పొంగింది. మందులషాపులో అడిగి రెండు బిళ్ళలు వేసుకున్నాడు. ఉప్పుమూట కాపడం పెట్టుకున్నాడు. మంగళవారానికి వాపు ముక్కు పక్కకి ఎక్కింది. అయినా షాపు తీశాడు. నన్ను కంటికి బిగించుకుంటే, ఎప్పుడూ ఇట్టే ఒదిగే గూట్లో నేను పట్టలేదు. కింద వాచిన చర్మం కాలిపోతోంది. కనుబొమ్మతో నొక్కి పెట్టుకుని, నెప్పికి పళ్ళు బిగించి, ఆరోజు మూడు వాచీలు చేశాడు. కన్ను బానే ఉందని తనకి తను రుజువు చూపించుకోవాలి గదా! మూడోదానికి మూత పెట్టబోతూ, "ముల్లు రెండుగా కనపడుతోందేంటి" అన్నాడు.

బుధవారం పొద్దున్నకి కన్ను తెరుచుకోలేదు. జ్వరం నూటమూడు. భ్రమరాంబ గారు కేకలు పెడితే సుందర్రావు గారు పరిగెత్తుకొచ్చి, ఆటో పిలిచి, ఇద్దర్నీ రాజమండ్రి తీసుకెళ్ళాడు. ఈసారి ఉక్కగా ఉందనలేదు. దారంతా స్నేహితుడి తల తన భుజం మీదే పెట్టుకున్నాడు. ఆ పని పదేళ్ళ ముందు చేసుంటే ఎంత బాగుండేది!

ఆసుపత్రిలో సోమాచారి చొక్కా విప్పి భార్య చేతికిచ్చారు. జేబులో నేను. గుమ్మం బయట బెంచీ మీద, ఆవిడ ఒళ్ళో ఉండి అంతా విన్నాను. పంటివేరు దగ్గర చీము పైకి పాకి, కంటి వెనక చేరిందట. పైకోర, దాని పక్కవి రెండు, అక్కడే తీసేశారు. చీము వదిలించారు. ప్రాణం దక్కింది. కుడికంటి చూపు మాత్రం పోయింది. "రెండు రోజుల ముందొచ్చినా ఆ కంటిని కాపాడేవాళ్ళం. అసలు అయిదు నెలల ముందు ఆ పంటిని చూపించుకుని ఉంటే ఇంతదాకా వచ్చేదే కాదమ్మా" అన్నాడు పెద్ద డాక్టరు. ఆవిడ చొక్కాని గుండెకి అదుముకుంది. ఆవిడ గుండె కొట్టుకోవడం నేను విన్నంత దగ్గరగా ఇంకెవరూ వినలేదు. అదుపు తప్పిన గడియారంలా కొట్టుకుంది.

తండ్రి సంగతి కూడా అడిగాడట సోమాచారి. అవి శుక్లాలు అయ్యుంటాయని, పంటితో సంబంధం లేదని, ఆపరేషను చేయిస్తే అప్పుడే చూపొచ్చేదని చెప్పారు. అది విని ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. తన కన్ను పోయిందని ఏడవలేదు. తండ్రి ఇరవై ఏళ్ళు ఊరికే చీకట్లో బతికాడని ఏడ్చాడు.

ఇంటికొచ్చాక నన్ను ఎడమకంటికి పెట్టుకుని చూశాడు. కనుబొమ్మ పట్టలేదు. రెండుసార్లు జారి బల్లమీద పడ్డాను. కుడికన్ను లేకపోతే చేతికి దూరం తెలీదు, పటకారు ముల్లుని అందుకోకుండా పక్కన గుచ్చుతోంది. నెలరోజులు ప్రయత్నించి, బాగుచెయ్యాల్సిన వాచీలన్నీ ఎవరివి వాళ్ళకి తిరిగిచ్చేశాడు. షాపులో ఇప్పుడు సెల్లుఫోన్ల తొడుగులు అమ్ముతున్నారు. నేను ఇంట్లో గూట్లో ఉన్నాను, ఆయన మందుబిళ్ళల పక్కన. నాకు దిగులు లేదా అంటే, ఉంది. కన్ను లేని ఐగ్లాసు బతుకు ఒక బతుకా! అయినా నా దిగులు పెద్దది కాదు. ఈ గూట్లోంచి రోజూ చూసేదానికి నా దిగులేపాటి?

మృణాళిని డాక్టరు దగ్గరికి ఇప్పుడు చెప్పిన రోజుకి చెప్పినట్టు వెళ్తున్నాడు. చిగుళ్ళు కడిగించుకున్నాడు, మిగతా పళ్ళు బాగుచేయించుకున్నాడు. పొద్దున్నా రాత్రీ తోముకుంటున్నాడు. నోరు శుభ్రంగా ఉందని డాక్టరమ్మే చెప్పింది. సుందర్రావు గారు వచ్చి పక్కనే మంచమ్మీద కూర్చుంటున్నాడు. కానీ సోమాచారి ఎవరితో మాట్లాడినా కుడిచెయ్యి మూతికి అడ్డం పెట్టుకునే మాట్లాడుతున్నాడు. పాలవాడితోనూ అంతే. పదేళ్ళ వాసన సంగతి ఇప్పుడు తెలిసి, గడిచిపోయిన ప్రతి మనిషినీ తలుచుకుని సిగ్గుపడుతున్నాడు.

నిన్న పొద్దున్న భ్రమరాంబ గారు రెండు కాఫీలు పట్టుకొచ్చి, ఆయన ఎదురుగా, మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా కూర్చుంది. ఎన్నాళ్ళకి! ఆయన గబుక్కున చెయ్యి అడ్డం పెట్టుకుని వెనక్కి జరిగాడు.

"చెయ్యి తియ్యండి" అంది ఆవిడ.

"వద్దులే. నువ్వు దూరంగా కూర్చో."

"ఏం రావట్లేదండీ. నా మీద ఒట్టు. తియ్యండి."

ఆయన ఉన్న ఒక్క కంటితో భార్యని చాలాసేపు చూశాడు. కోపం లేదు ఆ చూపులో. అదే నాకు భరించలేకుండా ఉంది. "ఆరోజు కూడా లేదనే అన్నావు గదే" అన్నాడు.

ఆవిడ కాఫీగ్లాసు కింద పెట్టేసి, కళ్ళు తుడుచుకుంటూ, "ఈసారి నిజమండీ, నిజమండీ" అంటూనే ఉంది. నిజమే చెప్తోంది, నాకు తెలుసు. ఆయన నమ్మాలనే చూశాడు పాపం, పెదాలు కూడా కదిలాయి. చెయ్యి మాత్రం మూతి మీదినుంచి తియ్యలేదు.